ఒక స్వరంలో మూడు మీటులు

దేశం కాని దేశంలో, మెసయీద్‌లో, మా ఫ్యాక్టరీ పంపు బాగుచేస్తుండగా దాని మూత జారి నా ఎడమచేతి మధ్యవేలి మీద పడింది. కట్టు విప్పాక వేలైతే మిగిలింది గాని, పై కణుపు వంగడం మానేసింది. చిన్నప్పటినుంచి నేను మాండలిన్ మీద వాయిస్తూ వచ్చింది కర్ణాటక సంగీతం. ఎడమచేతి వేళ్ళు తీగ మీద జారుతూ ఊగితేనే అందులో గమకం పలుకుతుంది. మూడు నెలలు రోజూ తోడి రాగం ఎత్తుకున్నాను, రోజూ మధ్యలోనే ఆపేశాను.

మా ఫ్యాక్టరీలోనే పనిచేసే ఒక ఐరిష్ ఇంజనీరు ఫిడేలు వాయిస్తాడు. నా సంగతి విని, "మా పాటలు వాయించి చూడు. మాండలిన్ మీద వాటి అలంకారమంతా దాదాపు కుడిచేతిదే" అన్నాడు. ఆ మాట పట్టుకుని వేలాడాను.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కి సిటీలోని ఉమ్ ఘువైలినా పేటలో ఆయన ఫ్లాట్‌కి వెళ్ళేవాణ్ణి. ఒక నాట్యపు పాట రెండు వారాల్లో వచ్చేసింది. దానికి మిగతా మూడు వేళ్ళూ చాలు. అలంకారమే రాలేదు. ఒక స్వరం మోగాల్సిన వ్యవధిలో దాన్నే పిక్ బిళ్ళతో కిందికి, పైకి, కిందికి మూడుసార్లు మీటాలి. ఆయన మీటి చూపిస్తే వేడినూనెలో ఆవాలు పడ్డట్టు చిటపటమనేది. నా చేతిలో మొదటి రెండూ ఒకదాన్నొకటి తోసుకునేవి, మూడోది వచ్చేసరికి తాళం దాటిపోయేది.

"మణికట్టు బిగిస్తున్నావు. వదులు చెయ్యి."

"చేస్తే పిక్ జారిపోతోంది సార్."

"జారనీ."

కార్మికుల క్యాంపులో నా గదిలో ఉండే జగిత్యాల అతనికి నైట్ డ్యూటీ, పగలు పడుకునేవాడు. అందుకని తీగల కింద రుమాలు దోపి సాధన చేసేవాణ్ణి. ఒకరోజు అతను దుప్పటి తీసి కూర్చున్నాడు.

"అన్నా, పొద్దట్నించి గదే టకటక. పాటన్న మొత్తం వాయించరాదే."

"ఆ టకటకే రావట్లేదు తమ్ముడూ."

"రాకుంటే ఇడ్సిపెట్టు. నీకెవ్వడన్న డ్యూటీ ఏసిండా?"

రుమాలు ఇంకాస్త లోపలికి దోపాను. విడిచిపెడితే ఆ మాండలిన్‌తో నాకిక పనేముంటుంది? పిక్ పట్టే బొటనవేలు పొక్కిపోయింది. స్పానర్ తిప్పుతున్నా లోపల ఆ మూడు మీటులే కొట్టుకునేవి. ఒక్కోసారి వరసగా నాలుగైదు సార్లు సరిగ్గా పడేవి. ఆశపడి పాటలో పెట్టబోతే మళ్ళీ చెదిరిపోయేవి.

ఇంతలో ఆయన కాంట్రాక్టు అయిపోయింది. వెళ్ళిపోయే ముందు శుక్రవారం స్నేహితులు నలుగురిని పిలిచాడు, నన్నూ రమ్మన్నాడు. అట్టపెట్టెల మధ్య కూర్చుని అందరం ఆ పాటే ఎత్తుకున్నాం. మొదటి అలంకారం దగ్గరే నా పిక్ తీగకు తట్టుకుంది. రెండోసారీ అంతే. మూడో ఆవృత్తిలో ఇక ప్రయత్నించలేదు. ఒట్టి స్వరాలు వాయించుకుంటూ పోయాను. ఎవరూ గమనించినట్టు లేదు. అదే నాకు మరీ కష్టమనిపించింది.

ఆయన లిఫ్టు దాకా వచ్చాడు. "నాకు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది" అన్నాడు. నాకు నేర్పేవాడు ఎల్లుండి విమానమెక్కుతున్నాడు. చెయ్యి కలిపి దిగివచ్చేశాను.

బస్‌స్టాపులో కూర్చుని కాకినాడలో ఉన్న నా భార్యకు ఫోన్ చేశాను. అన్ని నెలలుగా వేలు నయమవుతోందనే చెబుతూ వచ్చాను. ఆ సాయంత్రం నిజం చెప్పేశాను. ఇక వంగదన్నాను.

"మరి రోజూ వాయిస్తున్నానంటున్నారు కదండీ, ఏం వాయిస్తున్నారు?" అంది.

"ఐర్లాండు పాటలు."

"అవి వస్తున్నాయా?"

"రావడం లేదు" అన్నాను. ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను లేవలేదు.