తగాదా పడ్డవాడి సాక్ష్యం

2023 వర్షాకాలం. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. వాన పడిన రోజు మాకు బండి జారి పడ్డవాళ్లు ఎంతమంది వస్తారో, నీళ్ల దగ్గర కొట్టుకున్నవాళ్లూ అంతమందే వస్తారు. మోరీ నీళ్లు ఎవరి గుమ్మంలోకి పోవాలన్న దాని మీద తలలు పగలగొట్టుకుని, పక్కపక్క బల్లల మీద కుట్లు వేయించుకుంటూ మా ముందే మళ్లీ మొదలుపెట్టినవాళ్లను చూశాను. ఆ మధ్యాహ్నం లాల్‌దర్వాజా నుంచి యాదగిరి గారిని తీసుకొచ్చినప్పుడు ఇదీ అలాంటిదే అనుకున్నాను.

ఆయనకు అరవై దాటాయి. ఇంటి ముందు గదిలో పూజాసామాను కొట్టు నడుపుతారు. భార్య పోయాక కొడుకు శ్రీకాంత్‌తో ఉంటున్నారు. స్ట్రెచర్ మీద కుడి చెయ్యి ఎత్తలేకపోతున్నారు. మూతి ఒక పక్కకు లాగేసింది. మాట రావడం లేదు. శ్రీకాంత్ కొరియర్ పని వదిలేసి తడిసిన బట్టలతో వచ్చాడు. ఎదురింటి నర్సింగ్ తన తండ్రిని కొట్టాడని, ఎంఎల్‌సీ రాయాల్సిందేనని పట్టుబట్టాడు. ఎంఎల్‌సీ అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసు.

వెంట వచ్చిన గల్లీవాళ్ల మాటల్లో సంగతి తెలిసింది. బండి ఎక్కించడానికి యాదగిరి గారు గడప ముందు సిమెంటు ర్యాంపు కట్టించారు. వాన పడితే నీళ్లు దానికి తగిలి ఎదురింట్లోకి మళ్లుతాయి. ఆ ఇంట్లో ఉండే నర్సింగ్ గారు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. వాన పడ్డప్పుడల్లా ఇద్దరూ గుమ్మాల్లో నిలబడి తిట్టుకోవడం కొన్నేళ్లుగా జరుగుతున్నదే. ఆ రోజు కూడా అరుపులు విన్నామన్నారు. ఎప్పుడు మొదలయ్యాయో, ఎప్పుడు ఆగాయో ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి చూస్తే యాదగిరి గారు ర్యాంపు పక్కన గోడకు ఒరిగి ఉన్నారు.

డ్యూటీ డాక్టరమ్మ తల, మెడ తడిమి చూశారు. దెబ్బ కనిపించలేదు. సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదు. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది, స్ట్రోక్. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది, కానీ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. దాన్ని విండో పీరియడ్ అంటాం. తలకు పెద్ద దెబ్బ తగిలిన మనిషికి ఇస్తే లోపల రక్తం కారి ప్రాణం పోవచ్చు. మొదలైన వేళ ఎవరికీ తెలియకపోతే, మనిషి బాగున్నట్టు చివరగా చూసిన వేళ నుంచి లెక్కపెడతాం. శ్రీకాంత్ తండ్రితో మాట్లాడి బయల్దేరింది తెల్లవారగానే. ఆ లెక్కన సమయం ఎప్పుడో దాటిపోయింది.

"ఆయన మాట్లాడుతుండగా చివరిసారి ఎవరు విన్నారో కనుక్కో సిస్టర్," అన్నారు డాక్టరమ్మ.

నర్సింగ్ గారు గేటు బయట రేకు కింద నిలబడి ఉన్నారు. తనంతట తానే ఆటో పట్టుకుని వచ్చారట. లోపలికి రాబోతే శ్రీకాంత్ ఆయన మీదికి వెళ్లాడని, సెక్యూరిటీవాళ్లు ఇద్దరినీ విడదీశారని తెలిసింది. నన్ను చూడగానే, "నేను ముట్టలే సిస్టర్," అన్నారు.

ఆ సంగతి పోలీసులు చూసుకుంటారని, యాదగిరి గారి మాట ఎప్పుడు తడబడిందో మాత్రం చెప్పమని అడిగాను. ఆయన గుర్తుచేసుకుంటూ చెప్పారు.

"అజా గట్టిగ వినవడ్తుంటే ఇద్దరం ఆగినం. ఎవల మాట ఎవలకు వినవడది గద. గప్పటిదాంక మంచిగనే తిట్టిండు. అజా కాంగనే మల్ల షురు జేసిండు, గప్పుడు మాట ముద్దముద్దగ వచ్చింది. తాగినవా అని నవ్విన. తలుపేసుకొని లోపలికి వోయిన." కాస్త ఆగి, "కిటికీలకెల్లి చూసిన. గోడ వట్టుకొని మెల్లగ కూసున్నడు. పడలే. కోపానికి కూసున్నడనుకున్న," అన్నారు.

మసీదులో మధ్యాహ్నపు అజా, అంటే నమాజు పిలుపు, అయి ఇంకా రెండు గంటలు కాలేదు. ఆయనను లోపలికి తీసుకెళ్లి అదే మాట డాక్టరమ్మ ముందు చెప్పించాను. చూసి కూడా పలకరించలేదన్న ముక్క ఆయన దాచలేదు. అది చెబుతున్నప్పుడు శ్రీకాంత్ పిడికిలి బిగుసుకోవడం కనిపించింది.

డాక్టరమ్మ ఇంజెక్షన్ వల్ల వచ్చే మేలూ ప్రమాదమూ వివరించి సంతకం అడిగారు. శ్రీకాంత్ నా వైపు తిరిగాడు. "ఈయన మాట మీద మా బాపుకు సూది ఇస్తరా?"

తాను అక్కడ లేనని చెప్పి ఉంటే ఈయనకు ఏ గొడవా ఉండేది కాదని మాత్రం అన్నాను. అంతకుమించి చెప్పడం నా పని కాదు. శ్రీకాంత్ మొదటిసారి నర్సింగ్ గారి మొహం చూసి అడిగాడు. "ఆఖరికి ఏమన్నడు మా బాపు?"

"డిపోల బస్సులు చెడగొట్టినోడు నాకు సిమెంటు నేర్పుతడా అనవోయిండు. సిమెంటు అనరాలే. మల్ల మల్ల అనవోయిండు."

శ్రీకాంత్ కళ్లు మూసుకున్నాడు. ఆ మాట తండ్రి ఇంట్లో ఎన్నోసార్లు అనగా విన్నదేనని తర్వాత నాకు చెప్పాడు. కాగితం తీసుకుని సంతకం పెట్టాడు. ఇంజెక్షన్ ఎక్కుతున్నంతసేపూ నేను బీపీ చూస్తూ మంచం దగ్గరే ఉన్నాను. సాయంత్రానికి యాదగిరి గారి కుడి చేతి వేళ్లు కదిలాయి. ఎంఎల్‌సీలో ఎవరు చెప్పింది వాళ్లు చెప్పినట్టే రాశారు. మర్నాడు శ్రీకాంత్ తనకు ఫిర్యాదు లేదన్నాడు.

ఆ తర్వాత నేను చాలా ఆలోచించాను. గల్లీ అంతా ఆ అరుపులు విన్నది, కానీ మాట విన్నది ఒక్కడే. తిరిగి అనడానికైనా సరే, ఎదుటివాడి ప్రతి పలుకూ పట్టుకుని ఉన్నాడు. ఇప్పుడు కొట్లాట నుంచి ఎవరినైనా తెస్తే, వెంట వచ్చినవాళ్లతో పాటు గేటు బయట నిలబడ్డవాణ్నీ అడుగుతున్నాను.

యాదగిరి గారు చెకప్‌కు వచ్చినప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. మాట నెమ్మదిగా వస్తోంది. ఎదురింటాయనతో రాజీ అయిందా అని అడిగాను.

"యాడిది. వాన వడితె లొల్లే," అన్నారు. ఊపిరి తీసుకుని, ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ, "ర్యాంపు కాడ ఆయనదే తప్పు. గనీ ఆయన అబద్ధమాడడు," అన్నారు.

ఒక మనిషిని తప్పు పడుతూనే ఆ మనిషిని నమ్మవచ్చని నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను.