పాటలోకి రాని గేదె

పెదకాకాని నుంచి మా ఊరికి మళ్ళే దారిలో నిన్న కొత్త ఫ్లెక్సీ కట్టారు. దాని మీద ఎర్ర అంచు, బిగించిన పిడికిలి, సినిమా హీరోకుండే మీసం. కింద ‘పేదల దేవుడు అన్న’ అని రాసి ఉంది. కట్టిన కుర్రాళ్ళలో ఒక్కడూ ఆయన్ని చూసి ఎరగడు. దళంతో ఊళ్ళోకి వచ్చే రోజుల్లో నేను చూశాను. పొట్టి మనిషి, మీసం పలచన. మిరప పండే నేలకు వచ్చి కారం తినలేనివాడు. మా పిన్ని ఇంటికి వచ్చినప్పుడల్లా మజ్జిగన్నమే పెట్టించుకునేవాడు. “ఏందయ్యా, తుపాకి పడతావు గానీ పచ్చిమిరపకాయకు భయపడతావా?” అని ఆమె దెప్పితే సిగ్గుపడి నవ్వేవాడు.

ఇలా తుపాకి పట్టినవాణ్ణి పేదలు ఎందుకు నెత్తిన పెట్టుకుంటారని చదువుకున్నవాళ్ళు మైకుల్లో అడుగుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చినవాణ్ణి, సిద్ధాంతాలు నాకు తెలియవు. మచ్చు సంగతి తెలుసు. ఆ రోజుల్లో కల్లంలో కాటా వేసేటప్పుడు వ్యాపారి మనిషి ప్రతి బస్తాలోంచీ దోసెడు మిరపకాయలు మచ్చు తీసి, నాణ్యం చూశానని చెప్పి, పక్కన పోసుకునేవాడు. సాయంత్రానికి అది కుప్పయ్యేది. ఆ కుప్ప మళ్ళీ బస్తాలోకి రాదు, వాడి బండెక్కుతుంది. అర్ధెకరం కౌలు చేసే మా బాబాయి లాంటివాళ్ళకు ఆ కుప్పంటే పిల్లల బట్టలు. నేను ఏళ్ళ తరబడి అర్జీలు రాశాను. “చూస్తాం లెండి” అన్నారు ఆఫీసులో. ఏం చూశారో వాళ్ళకే తెలియాలి. ఒక మధ్యాహ్నం అన్న వచ్చి, కల్లంలో గొంతుక్కూర్చుని, తుమ్ముకుంటూ ఆ కుప్పను తిరిగి బస్తాల్లో పోశాడు. గొంతు పెంచలేదు. భుజాన తుపాకి ఉన్నవాడికి గొంతుతో ఏం పని? ఆ తరువాత మా కల్లాల్లో మచ్చు ఎవరూ మిగుల్చుకోలేదు. చేయాల్సినవాళ్ళు చేయని చోట ఎవడు చేసినా దేవుడే అవుతాడు.

మరుసటి ఏడు బాబాయి గేదె తప్పిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వెతికి, చివరికి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి చెప్పుకొచ్చాడు. పేదవాడు ఊరికే స్టేషన్ మెట్లెక్కడని దళం వాళ్ళు అనుకున్నారు కాబోలు, పోలీసుల ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి పత్తిచేలో కాల్చేశారు. కాల్చమన్నది అన్నే, ఆ ఇంటి మజ్జిగన్నం తిన్న అన్నే. గేదె మాత్రం తనంతట తానే కొట్టంలోకి తిరిగొచ్చింది. కొన్నాళ్ళకు పోలీసులు ఆయన్నీ అలాగే, అడిగేవాళ్ళు లేకుండా చంపారు. అప్పుడు పాట పుట్టింది. మిరప కోతల్లో ఆడవాళ్ళు మచ్చు కుప్ప చరణం పాడతారు. దాని వెనకే ద్రోహి చచ్చాడనే చరణం వస్తుంది. పిన్ని కూలికి వెళ్ళిన చేలో మాత్రం అక్కడికి రాగానే గొంతులు ఆగిపోయి, ఎండ గురించి మాటలు మొదలయ్యేవి. ఆ ఆగడమే ఆమెకు చరణం కంటే ఘాటుగా తగిలేది. తాను కన్ను మూసేలోగా మొగుడి మీద ఆ ముద్ర చెరిగిపోవాలి. ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే.

నిన్న ఫ్లెక్సీ దగ్గర కుర్రాళ్ళు ఆమెనే పిలిచి కొబ్బరికాయ చేతికిచ్చారు. “మామ్మా, అన్నకు అన్నం పెట్టిన చెయ్యి నీది. కొబ్బరికాయ నువ్వే కొట్టాలి.”

నాకు కోపం ఆగలేదు. “ఒరేయ్, మొగుణ్ణి చంపించినవాడికి పెళ్ళాం చేత కాయ కొట్టిస్తారట్రా?”

“నువ్వుండబ్బాయ్,” అంది పిన్ని. వరసకు పిన్నే గానీ వయసులో నాకంటే కాస్తే పెద్ద. “మచ్చు ఆపిందీ ఆయనే, మీ బాబాయిని చంపిందీ ఆయనే. ఒకటి నిజమైతే ఇంకోటి అబద్ధమవుద్దా?” అని కుర్రాళ్ళ వైపు తిరిగింది. “కొడతాలే గానీ, మీ పాటలో ఆ గేదె సంగతి కూడా కలపండ్రా. తప్పిపోయిందనీ, మళ్ళీ వచ్చిందనీ.”

“పాట అట్టా మారిస్తే జనం ఒప్పుకోరు మామ్మా,” అన్నాడొకడు. ఆమె కొబ్బరికాయ వాడి చేతిలోనే పెట్టేసి, ఇంటి దారి పట్టింది.

నేను వెనకే నడిచాను. కాలం కూడా ఆ కాటా దగ్గరి మనిషి లాంటిదే. ఒక్కో బతుకులోంచి దోసెడు తీసి చూపించి బస్తా అంతా ఇదేనంటుంది, మూతి కుట్టేస్తుంది.