రాజేశమన్న పార్టీకి పట్టిన చేపలు

మొన్న శుక్రవారం నేను చేసిన పనికి మా లేబర్ క్యాంపుల ఎవ్వరికీ మొఖం చూపిస్తలేను. మీరు నవ్వుకుంటె నవ్వుకోండ్రి గని, నాకైతె కడుపు మండుతనే ఉన్నది.

మా రూమ్ల ఉండే మా పక్కూరి రాజేశమన్న రెండేండ్లకు ఇంటికి పోతుండు. శనివారం ఫ్లైటు. వరల్డ్ కప్ స్టేడియం పని మీద వారాలకు వారాలు ఓవర్‌టైం జేస్తె ఇప్పటికి లీవు దొరికింది. "పోయే ముందట మన ఇంటి తీరుగ ఒక్కసారి చేపల పులుసు తినాలె. ఈ మెస్సు పప్పు చూస్తె ఏడుపొస్తంది" అన్నడు. నేను ఊకుంటనా? "అన్నా, నేను చెరువు కాడ పుట్టినోన్ని. శుక్రవారం పొద్దుగూకే వరకు చేపలు నీ ముందట ఉంటయ్" అన్న. ఆ మాట నమ్మి మా రూమ్ ఎనిమిది మందిమి మెస్సుకు పోయి, శుక్రవారం మాపటికి మాకు తిండి వద్దని చెప్పొచ్చినం.

శుక్రవారం పొద్దుగాల సలీం భాయ్ పికప్‌ల నన్ను సముద్రం ఒడ్డుకు దించిండు. ఆయనది జగిత్యాల, మా కంపెనీ డ్రైవర్. "నేను జుమ్మా నమాజుకు పోయొస్త. జర పైలం తమ్మీ, యే సమందర్ హై, మీ చెరువు కాదు" అన్నడు.

"నాకు చెప్తవా భాయ్" అన్న. గీ మాట యాది పెట్టుకోండ్రి.

చలికాలం ఈడ ఎండ ఉన్నా కాలదు, పానం హాయిగుంటది. మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలబడి గాలానికి రొయ్య గుచ్చి ఏసుడే ఆలస్యం, రెండు గంటలల్ల పదకొండు చేపలు. ఈడోళ్లు షేరీ అంటరు. చావకుండ ఉండాలని మా ఊర్ల ఏం జేస్తమో గదే జేసిన. మెస్సుల అడిగి తెచ్చుకున్న ఉల్లిగడ్డల జాలి సంచిల ఏసి, నీళ్లల్ల ఇనుప రాడ్ దిగ్గొట్టి, దానికి కట్టేసిన. నేను స్కాఫోల్డర్ని, బిల్డింగులకు పైపులతోని పరంజా కట్టేటోన్ని. నేనేసిన ముడి ఏనుగు గుంజినా ఊడదు.

పక్కన ఒక ముసలి ఫిలిప్పీన్ ఆయన తన చేపలు బకెట్లేసుకొని సర్దుకుంటుండు. నా సంచి దిక్కు చూసి, "వాటర్ గోయింగ్, మై ఫ్రెండ్. టేక్ ఫిష్. గో" అన్నడు. నాకు ఎక్కడో మండింది. మంచి జాగ దొరికిందని నన్ను ఎల్లగొట్టి తానొస్తడేమో అనుకున్న. "యూ గో" అన్న. ఆయన తలకాయ ఊపుకుంట పోయిండు.

ఇగ ఊకె ఉండక బాపుకు వీడియో కాల్ జేసి సంచి ఎత్తి చూపిచ్చిన. "మావోడు దుబాయ్ల చేపలు పట్టిండు, రాండ్రి" అని బాపు పక్కింటోళ్లను గూడ పిలిచిండు. ఫోన్ పెట్టేసి, ఇసుకల తువ్వాల పర్సుకొని, ఎండకు జర ఒరిగిన.

లేచి చూస్తె సముద్రం లేదు.

అబద్ధం కాదు. నీళ్లు యాడనో దూరంగ గీత లెక్క కనవడుతున్నయ్. ముంగటంత బురద. ఒక పడవ పక్కకు ఒరిగి పండుకున్నది. నా రాడ్ ఒక్కటే నిలబడ్డది, దాని చుట్టు తెల్ల పిట్టల మంద. ఆటుపోట్ల గురించి బడిల చదివిన, పరీక్షల గూడ రాసిన. కని మా చెరువు తగ్గాల్నంటె ఎండకాలమంత పడతది. ఇది నేను కునుకు తీసే లోపట పోతదని నాకేం ఎరుక?

ఉరికిన. చెప్పులు బురదల దిగవడితె ఇడిసిపెట్టి ఉరికిన. హుష్ హుష్ అంటె ఆ పిట్టలు రెండడుగులు జరిగి మళ్ల తినవట్టినయ్. సంచి పీలికలు పీలికలు. ముడి మాత్రం ఊడలే. లోపట ఒక్క చేప మిగిలింది, దానికి గూడ తోక లేదు.

సలీం భాయ్ వచ్చి చూసి, నవ్వలేక బండికి ఒరిగిండు. "చేపలను మంచిగ కట్టేసినవ్ తమ్మీ. సముద్రాన్ని కట్టేసుడు మర్చిపోయినవ్."

తొవ్వల కొందామంటె శుక్రవారమని చేపల దుకాణం మూసున్నది.

రూమ్‌కు పోయేసరికి అన్నం వార్చిండ్రు, పొయ్యి మీద పులుసు మరుగుతంది, చేపలేసుడే తక్కువ. నేను ఆ ఒక్కటి చూపిచ్చిన. రాజేశమన్ననే దాన్ని అందుకొని, కడిగి, పులుసులేసిండు. ఆఖరికి ఆ చేప ఆయన కంచంలనే ఏసినం. ఆయన సగం తుంపి నా కంచంల పెట్టిండు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండు అనిపిచ్చింది.

ఆదివారం డ్యూటీల ఉన్న, బాపు ఫోన్ జేసిండు. రాజేశమన్న పెట్టెలకు కట్టిన తాళ్లు గూడ ఇప్పకముందే మా ఇంటికి పోయిండట.

"ఏందిరా, దుబాయ్ల సముద్రం ఎండిపోయిందట గద?"

"దుబాయ్ కాదు బాపు, ఖతార్. ఎండిపోలే. పోయి, మళ్ల వచ్చింది."

"మరి చేపలు?"

"అవి రాలే."