కూలాల్సిన ఇల్లు

ఆర్మూరులో రత్నవ్వ మట్టి గోడలు పెట్టేది. నలభై ఏళ్ళలో ఆమె పెట్టిన గోడ ఒక్కటీ కూలలేదు. కూలేలోపే ఇంటివాళ్ళు పడగొట్టి సిమెంటుతో కట్టుకున్నారు. అందుకని 2004 నాటికి ఆమె మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరే పనిలో కుదురుకుంది.

ఆ ఎండాకాలం నందిపేట్ దిక్కు ఒక దిబ్బను తవ్వడానికి హైదరాబాద్ నుంచి పరిశోధకులు వచ్చారు. కూలీకి మనుషులు కావాలంటే రత్నవ్వ కూడా ఆటో ఎక్కింది. రెండు వారాలకు నాలుగు వేల ఏళ్ళ నాటి ఇంటి నేల బయటపడింది. తవ్వకం పెద్ద జబీన్ మేడం ఆ నేలను కత్తితో కోసి, భూతద్దం పెట్టి చూసింది. అలుకు మీద అలుకు, ముప్పై ఒక్క పొరలు.

"ముప్పై ఒక్క ఏళ్ళు ఉన్నారన్నమాట," అని రాసుకుంది.

రత్నవ్వ తట్ట దించింది. "ఏడాదికి ఒక్కపారే అలుకుతరా మేడం ఎవరన్నా?"

"మరి?"

"పండుగకు అలుకుతరు. పురుడైతే అలుకుతరు. ఎవరన్నా పోతే అలుకుతరు." వంగి, పై పొరలో వేళ్ళ గీతలు చూపించింది. "గిది ఇద్దరు అలికిన్రు. అండ్ల ఒకామెది ఎడమ చెయ్యి."

జబీన్ తాను రాసింది కొట్టేసింది.

మరుసటి ఏడు ఆమె రత్నవ్వ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. దిబ్బ పక్కనే పాత పద్ధతిలో ఒక మట్టి ఇల్లు కట్టాలట. కట్టి వదిలేయాలట. అది ఎట్లా కూలుతుందో చూస్తే పాత ఇళ్ళు ఎట్లా కూలాయో తెలుస్తుందట.

"కూలనీకి కట్టుడేంది మేడం?" అంది రత్నవ్వ.

"అదే మా పని అవ్వా."

రత్నవ్వ ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. మట్టి తొక్కడానికి పది మంది రావాలి, వచ్చినవాళ్ళకు అన్నం పెట్టాలి.

"పెట్టకపోతే?"

"మట్టి కలవదు."

జబీన్ అదీ రాసుకుంది. మూరెడు గోడ పెట్టడం, ఆరనివ్వడం, మళ్ళీ మూరెడు. ఇరవై రోజుల్లో గడ్డి కప్పుతో ఇల్లు లేచింది.

మొదటి వానాకాలం పోయింది. ఇల్లు కూలలేదు, పగులు కూడా రాలేదు. జబీన్ కొలతలు తీసుకుని ఆశ్చర్యపోయింది. రెండో వానాకాలంలో ఒక పొద్దున చెప్పకుండా వచ్చింది. రత్నవ్వ కొంగు నడుముకు దోపుకుని, తడిసిన గోడకు మట్టి మెత్తుతోంది.

"అవ్వా! ఏం చేస్తున్నారు?"

"గోడ తడిసింది."

"తడవాలనే కదా కట్టింది!"

"తడిసిన గోడను చూసుకుంట ఎట్ల పోతరు మేడం?" అంది రత్నవ్వ. ఆమె లెక్కలో అది దొంగచాటు పని కాదు. పోయిన ఏడు కూడా వాన పడ్డప్పుడల్లా వచ్చింది, ఎవరూ అడగలేదు గనుక చెప్పలేదు.

రెండేళ్ళ కొలతలూ పనికిరాకుండా పోయాయి. జబీన్ రాసుకున్న కొలతలన్నీ కొట్టేసింది. తర్వాత రత్నవ్వ దగ్గర మాట తీసుకుంది: ఇక గోడను ముట్టవద్దు. రత్నవ్వ మాట నిలబెట్టుకుంది. నాట్లకు ఆ దారిన పోవాల్సి వస్తే ఆటోలో అటు వీపు పెట్టి కూర్చునేది.

2007 ఆగస్టులో పక్కింటి లింగం సెల్లుకు ఫోన్ వచ్చింది.

"అవ్వా, కూలింది!" జబీన్ గొంతులో సంతోషం దాగలేదు.

రత్నవ్వ ఫోన్ ఇచ్చేసి, చీర మార్చుకుంది. చావింటికి పోయినట్టే పోయింది. పడమటి గోడ మొత్తం బయటికి ఒరిగి పడింది. జబీన్ టేపు పట్టుకుని కొలుస్తోంది.

"కప్పు నుంచి నీళ్ళు దిగి కూలింది అనుకుంటున్నా."

రత్నవ్వ గోడ మొదలు దగ్గర కూర్చుని చేత్తో తడిమింది. "కాదు మేడం. సూరు నీళ్ళు కింద పడి గోడ మీదికి చిందితే మొదలును తింటది. గోడ ఎప్పుడైనా కాళ్ళకెల్లే పోతది."

దిబ్బలోని పాత గోడల మొదళ్ళూ సరిగ్గా అట్లాగే లోపలికి తినేసి ఉన్నాయి. జబీన్ వెళ్ళి మళ్ళీ చూసి వచ్చింది.

"బాధగా ఉందా అవ్వా?"

రత్నవ్వ ఒక మట్టి పెళ్ళ నలిపి చూసింది. మట్టిలో కలిపిన గడ్డి ఇంకా గట్టిగానే ఉంది. "జర చెయ్యి పెట్టనిస్తే నిలబడేది. పెట్టనియ్యలే. దాని తప్పేం లేదు."

పెళ్ళను పక్కన పెట్టి అడిగింది. "గోడ మొదలు సంగతి రాసిన్రా?"

"రాశాను. మీ పేరుతోనే."

"అయితే సరే," అని చేతులు దులుపుకుని ఆటో కోసం రోడ్డెక్కింది.