లింగాల బోరుకు చమురు బావి పొడి

2004 వేసవి. తీరప్రాంతపు చమురు బావుల్లో సిమెంటు పోయించే ఇంజనీరుని నేను. సెలవు మీద లింగాల దగ్గర మా మేనమామ బాలయ్య చేనుకు వెళ్లాను. ఆ ఎండకు తొండలు కూడా మూడు కాళ్ల మీదే నిలబడి, నాలుగోదాన్ని చల్లార్చుకుంటున్నాయి.

మామ కొత్త బోరులో అడుగున కొబ్బరినీళ్లలాంటి నీరు పడింది. కానీ పైన, నలభై అడుగుల దగ్గర, ఉప్పు ఊట. అది కేసింగు (బోరులో దింపిన గొట్టం) వెనకనుంచి జారి మంచినీటిని చెడగొడుతోంది. రెండు వందల మామిడి మొక్కల ఆకుల అంచులు మాడిపోతున్నాయి. గొట్టం చుట్టూ ఉన్న సందును సిమెంటుతో మూయాలి. పోయినేడు పక్క చేనులో అలాగే చేయబోతే సిమెంటు సగంలోనే బిగుసుకుని బోరే పనికిరాకుండా పోయింది.

"అల్లుడా, సముద్రంల బావులకే సిమెంటు పోస్తవంట. జర నా బోరు చూడు. ఇది పోతే తోట పాయె" అన్నాడు మామ.

నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే, చొక్కా గుండీ ఎగిరి బర్రెకు తగిలింది.

ఎండిన మొరం నేల సిమెంటు పాలలోని నీళ్లను తాగేస్తుంది. మా భాషలో ఇది ఫ్లూయిడ్ లాస్. నీళ్లు పోతే పాలు ముద్దై దిగవు. అందుకే పాలిమర్ పొడి కలుపుతాం. అది నేల రంధ్రాల మీద పలచని పొర కట్టి, నీళ్లను సిమెంటులోనే ఆపుతుంది. గద్వాలలో కొందరు నేతగాళ్లు పడుగుకు గంజి బదులు పెట్టే పొడి దానికి దాయాదే. రెండు బస్సులు మారి తెచ్చాను.

"గింత పొడి గన్ని నీళ్లను ఆపుతదా? మీ అత్త నోరే నేను ఆపలేకపోతి" అన్నాడు మామ.

"ఆపి చూడు, బువ్వ ఎవరు పెడ్తరో" అంది అత్త వంటింట్లోంచే.

రెండు మట్టి ముంతల్లో సిమెంటు పాలు పోశాను. పొడి లేని ముంత కాసేపటికే బయటంతా చెమటలు పట్టింది. పొడి కలిపింది మాత్రం మంత్రిగారి ఇస్త్రీ చొక్కాలా పొడిగా నిలబడింది.

మర్నాడు ఖాజా మేస్త్రీ కలుపుతుంటే పోశాం. సిమెంటు అడుగుదాకా జారింది. మామ నన్ను ఎత్తుకోబోయి తన నడుమే పట్టుకున్నాడు.

కానీ తెల్లారి, డబ్బాలో దాచిన సిమెంటు నమూనాలో వేలు పెడితే పెరుగులో దిగినట్టు దిగింది. గట్టిపడలేదు! మామ ముఖం మాడిపోయింది. పొడి ఎక్కువేశానా అని నేను పదిహేడుసార్లు లెక్క చూసుకున్నాను.

"పరేషాన్ గాకుండ్రి సాబ్. గట్టిగుండాలని నేను గూడ ఒక చెయ్యి ఏసిన" అన్నాడు ఖాజా గర్వంగా.

"ఏమేసినవ్ భాయ్?"

"బెల్లం నీళ్లు. మా తాత సున్నంల గట్లనే కలిపేటోడు."

సున్నానికి బెల్లం బలం. సిమెంటుకు మాత్రం మత్తుమందు.

"ఎంత బెల్లం?"

"పిడికెడు."

ఆరు బస్తాలకు పిడికెడు! ప్రాణం లేచొచ్చింది. ఎక్కువైతే సిమెంటు ఎప్పటికీ లేవదు. ఇంత మాత్రానికి ఆలస్యంగానైనా లేస్తుంది. "ఎవ్వరూ మోటరు ముట్టొద్దు" అన్నాను. అత్త స్టార్టరు డబ్బాకు మామ పంచె చుట్టి ముడేసింది.

మూడో రోజు పొద్దున మామ గడ్డపారతో నమూనాను కొట్టాడు. ఖంగుమని మోగి, గడ్డపారే వెనక్కి ఎగిరింది. మోటరు వేశాం. మొదట బురద, తర్వాత అద్దంలాంటి నీళ్లు. అత్త చెంబెడు పట్టి తాగి చూసింది. "ఉప్పు లేదురా!" అని మిగిలింది నా నెత్తిన గుమ్మరించింది. మామ తడిసిన మట్టిలోనే చెప్పుల్లేకుండా మొక్కల దాకా కాలువ తీశాడు.

అప్పటినుంచి ఏ బావి దగ్గరైనా, కలపాల్సినవాటి జాబితా చదివాక కూలీ నుంచి మేనేజరు దాకా అందరినీ అడుగుతాను: "ఈ కాగితంలో లేనిది, మంచి జరగాలని ఎవరైనా ఏమైనా కలిపారా?" ఒకసారి ముగ్గురు చేతులెత్తారు.