మా తమ్ముడు ఆగిన చోట

సాయంత్రం దీపాలు వేసే వేళకి నేను తడిగుడ్డ పట్టుకుని పెరటి తలుపు దగ్గర సిద్ధంగా ఉండేదాన్ని. మా తమ్ముడు పని నుంచి వచ్చి చెప్పులు బయటే విడిచినా, కాళ్ళనిండా గోడలకి పట్టే పుట్టీ పొడే. పెరటి గుమ్మం నుంచి స్నానాలగది దాకా తెల్లటి అడుగులు పడేవి. ముందుగదిలో మా ఆయన దగ్గర వయొలిన్ నేర్చుకునే పిల్లలు వచ్చేలోగా వాటిని తుడిచెయ్యాలి. లేకపోతే ఆ పొడి లేచి వయొలిన్ల మీద పడుతుందని ఆయన గోల. నేను తుడుస్తూ వెనకే వెళ్తుంటే వాడు కావాలని అటూ ఇటూ ఇంకో నాలుగు అడుగులు వేసి, "నీకు పని లేకపోతే తోచదు కదక్కా" అనేవాడు.

ఇప్పుడు మా నేల అద్దంలా ఉంటుంది. ఆ గుడ్డ తీగ మీదే ఎండి చెక్కలా బిగుసుకుపోయింది.

వాడు గోడలకి రంగులు వేసేవాడు. కూడు పెట్టింది ఆ పనే. కానీ ఎవరైనా "ఏం చేస్తుంటావు బాబూ" అని అడిగితే "ర్యాప్ చేస్తానండీ" అనేవాడు. ర్యాపంటే ఏమిటో నాకూ మొదట్లో తెలియదు. అది పాట కాదు, ఉత్త మాటా కాదు. చేటలో బియ్యం ఎగరేస్తే ఒక్క గింజ కింద పడకుండా మళ్ళీ చేటలోకే వచ్చినట్టు, వాడు గడగడా విసిరిన మాటలన్నీ తాళంలోకే వచ్చి పడేవి. చూడ్డానికి తేలిక. నేను ఒకసారి ఎవరూ లేనప్పుడు వంటింట్లో ప్రయత్నించాను. మూడో మాటకే నాలుక మడతపడింది.

మా అమ్మ పోయేనాటికి వాడు ఇంకా నిక్కర్ల వయసులో ఉన్నాడు. నాకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. వాణ్ణి వెంటబెట్టుకుని వస్తే మా ఆయన ఒక్కమాట అనలేదు. ఉన్నదున్నట్టు చెప్పాలి, చదివించారు, తన పక్కన కూర్చోబెట్టుకుని వయొలిన్ కూడా నేర్పబోయారు. వాడి వేలు ఎప్పుడూ స్వరానికి ఇవతలో అవతలో పడేది. "తాళం తప్పడు, కానీ వీడికి చెవి లేదే" అని ఆయన వయొలిన్ పెట్టెలో పెట్టేశారు. ఆ తీర్పు మళ్ళీ మారలేదు. చదువూ అబ్బలేదు. వాడు రంగులేసే వాళ్ళ వెంట వెళ్ళిపోయాడు.

అక్కడ వాడికి 'రేడియో' అని పేరు పెట్టారు. నోరు మూతపడదు కాబట్టి. వాడి జతగాడు ఒకడుండేవాడు, నిచ్చెన అక్కర్లేనంత పొడుగు, అందరూ పొడుగోడు అనే పిలిచేవారు. వాడు ఖాళీ రంగుబకెట్టు బోర్లించి వాయించేవాడు, వీడు అందుకునేవాడు. అన్నాల వేళ మొదలైంది. తర్వాత పక్క భవనం కూలీలు వచ్చి కూర్చోవడం, ఆ తర్వాత చిన్న చిన్న సభలకి పిలవడం. వాడు మొదట కట్టిన వాటిలో ఒకటి నాకు ఇప్పటికీ నోట్లో ఆడుతుంది:

గోడ నీది నీడ నీది గోడ మీద రంగు నాది
రంగు లోన చెమట నాది చెమట మీద ఎండ నాది

ఇలాంటివి ఎనిమిది వరుసలు, ఒక్క ఊపిరిలో. ఎక్కడా ఆగేవాడు కాదు. మా ఆయన వాయిస్తుంటే నేను కూర కలపడం ఏనాడూ ఆపలేదు. వీడు మొదలుపెడితే చేతిలో గరిటె అలాగే ఉండిపోయేది. సంగీతమా కాదా అని నన్నెవరూ అడగలేదు కాబట్టి నా దగ్గర ఇంతకంటే జవాబు లేదు.

భోజనాల దగ్గర బావా బావమరుదులకి రోజూ తగువే.

"ఏం బావమరిదీ, ఇవాళ ఎంతమందిని తిట్టొచ్చావు తాళం వేసి?"

"నిన్ను మాత్రం తిట్టలేదు బావా. ప్రాస కుదర్లేదు."

"బస్సు కండక్టరు కూడా గుక్కతిప్పుకోకుండా ఊళ్ళపేర్లు చెప్తాడురా. వాడిక్కూడా కచేరీ పెట్టిద్దామా?"

"పెట్టించు. నీ కచేరీకి వచ్చేవాళ్ళకంటే వాడి బస్సుకే జనం ఎక్కువ."

నేను వంటింట్లోకి వెళ్ళి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని. మా ఆయన కూడా పెదవి బిగించుకునేవారు, నవ్వు కనపడకుండా.

ఆ తగువు ఆగిపోయింది సంగీత సంఘం వల్ల. మా ఆయన అందులో పెద్ద. ఏటా కొత్తవాళ్ళకి కచేరీ చేసుకోవడానికి ఒక సాయంత్రం ఇస్తారు. ముందు ముగ్గురు పెద్దలు కూర్చుని వింటారు. వీడు నాకు చెప్పకుండా పేరిచ్చాడు. ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని, గోళ్ళలో రంగు పోయేదాకా కిరసనాయిలుతో తోముకుని వెళ్ళాడు. వచ్చాక ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, సంఘం కార్యదర్శి గొంతు పెట్టి మరీ చెప్పాడు.

"ఏం వాయిస్తావు బాబూ?"

"వాయించనండీ."

"పాడతావా?"

"పాడనండీ."

"శ్రుతి ఎంతలో పెట్టమంటావు?"

"శ్రుతి అక్కర్లేదండీ."

"మరి ఇక్కడికెందుకొచ్చావయ్యా, సున్నం వెయ్యడానికా?"

హాల్లో అందరూ నవ్వారట. వినకుండా కాదని ఎలా అంటారండీ అని వీడు అడిగితే, "వింటూనే ఉన్నాంగా, మాట్లాడుతున్నావుగా" అన్నాడట కార్యదర్శి. వాడు ఇదంతా హాస్యంగానే చెప్పాడు. చివర్లో మాత్రం, "బావ కూడా అక్కడే ఉన్నాడక్కా. కాగితాలు చూసుకుంటున్నాడు" అన్నాడు. మా ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. మర్నాటి నుంచి వాళ్ళిద్దరూ నాతో మాట్లాడేవారు. ఒకరితో ఒకరు కాదు.

దగ్గు ఎప్పుడు మొదలైందో చెప్పలేను. పుట్టీ ఆరాక ఎమరీ కాగితంతో రుద్ది గోడ నున్నన చేస్తారు. గదంతా తెల్లటి మంచులా లేస్తుంది. మిగతావాళ్ళు ముక్కూ నోరూ గుడ్డతో బిగించి కట్టుకుంటారు. వీడు కట్టుకోడు. కొత్త మాటలు అల్లుకునేది గోడ రుద్దేటప్పుడే మరి. చేయి గోడ మీద ఆడుతుంటే ఆ వరసలోనే మాటలు వస్తాయట.

"గుడ్డ కట్టుకోరా నాయనా" అంటే, "కట్టుకుంటే నోరెలా ఆడుతుందే?" అనేవాడు.

డాక్టరు ఛాతీకి ఫోటో తీయించి, ఊపిరితిత్తుల్లో పొడి పేరుకుపోయింది, ఇక తిరిగి బాగుకావన్నాడు. మా ఆయనే స్కూటరు మీద ఆసుపత్రికి తిప్పారు. వీడు వెనక కూర్చుని ఆయన భుజం పట్టుకునేవాడు. అప్పుడు కూడా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

ఎనిమిది వరుసలు ఆరయ్యాయి, నాలుగయ్యాయి. చివరికి రెండు మాటలకే వాడి భుజాలు లేచేవి. ఇక మానేస్తాడనుకున్నాను. మానలేదు. పెరటి మెట్టు మీద కూర్చుని, ఎంత ఊపిరి ఉందో అంతకే మాటలు కోసుకోవడం మొదలుపెట్టాడు, ఉన్న గుడ్డలోనే చొక్కా కుట్టినట్టు. పొడుగోడు బకెట్టు తెచ్చుకుని రోజూ వచ్చేవాడు. వాళ్ళు చివరగా చేసింది ఇది:

మెట్టెక్కా.
ఆగా.
మెట్టెక్కా.
ఆగా.
రంగేసిన ఇల్లే.
తలుపు తీయరే.

ఇంకా ఉంది కానీ తీరంతా ఇదే. మాటకీ మాటకీ మధ్య బకెట్టు మీద రెండు దెబ్బలు, తర్వాత ఏమీ ఉండదు. పొడుగోడికి ఆ ఖాళీ నచ్చలేదు.

"అన్నా, ఇక్కడ ఏదో ఒకటి వాయిస్తాను. బోసిగా ఉంది."

"ఉండనీరా."

"జనం అయిపోయిందనుకుంటారు."

"అనుకోనీ. నాకు గాలి అందనంతసేపు వినేవాడిక్కూడా అందకూడదు. వాడూ కూర్చోవాలి నాతో, మళ్ళీ వస్తుందా రాదా అని."

అది చెప్పడానికే వాడు మూడుసార్లు ఆగాడు. పొడుగోడు ముక్కు తుడుచుకుని తన ఫోనులో రికార్డు చేశాడు. తర్వాత నా ఫోనులోకీ ఎక్కించాడు. అందులో ఒకచోట నేను గిన్నె దించిన చప్పుడు కూడా ఉంది. చలి ముదిరాక మా తమ్ముడు పోయాడు.

మా ఆయన ఏడవలేదు. కొన్నాళ్ళు వయొలిన్ ముట్టుకోలేదు. ఒకరోజు పొడుగోణ్ణి పిలిపించి, ఆ మాటలు చెప్పించుకుని కాగితం మీద రాసుకున్నారు. తలుపు వేసుకుని పొద్దున్నే ఏదో పాడుకోవడం మొదలుపెట్టారు. నా తమ్ముడి మాటలు ఆయన నోట వింటున్నానని నాకు ముందు తెలియనేలేదు. గుర్తుపట్టే వీలు లేదు.

"ఇలా వచ్చి కూర్చో. విను" అని ఒకరోజు పిలిచారు.

మంచి రాగమే. ఏడుపు రాగం. 'మెట్టెక్కా' అని పైకి తీసుకెళ్ళారు. 'ఆగా' దగ్గరికి వచ్చి మాత్రం ఆగలేదు. ఆ చివరి అక్షరం పట్టుకుని పైకీ కిందకీ తిప్పుతూ, నేను పొయ్యి మీద పెట్టిన పాలు పొంగి పోయేంతసేపు సాగదీశారు. వాడు ఊపిరి అందక తెంపేసిన మాట అది.

"బాగుందా?" అన్నారు. ఆయన కళ్ళు తడిసి ఉన్నాయి.

"అక్కడ వాడు ఆగాడండీ."

"ఎక్కడ?"

"ఆగా అన్నచోట. వాడికి ఊపిరి అందక ఆగాడు. అక్కడ ఏమీ ఉండకూడదన్నాడు."

"పిచ్చిదానా, అందుకేగా నేను సాగదీసింది. వాడికి లేని ఊపిరి నేను పోశాను."

"ఫోనులో ఉంది, ఒక్కసారి వినండి."

"వద్దే. ఆ దగ్గు నేను వినలేను."

అది అబద్ధం కాదు. నిజంగానే వినలేరు. కానీ వినకుండానే పాడగలరు.

వాడి సంస్మరణ సభ మా ఆయన సంఘం హాల్లోనే పెట్టించారు. వాణ్ణి వినకుండా పంపేసిన ఆ హాల్లోనే. నేను కార్యదర్శి దగ్గరికి వెళ్ళి ఫోను చూపించాను. నా అంతట నేను పరాయి మగవాడిని ఒక మాట అడగడం అదే మొదలు.

"దీన్ని ఒక్కసారి వేయించండి. ఎంతోసేపు ఉండదు."

"అమ్మా, మీ బాధ నాకు తెలుసు. కానీ ఇది సంగీతం వినడానికి వచ్చినవాళ్ళ సభ. మాస్టారు అంత గొప్పగా స్వరపరిచాక మళ్ళీ ఈ పచ్చిసరుకు ఎందుకు చెప్పండి?"

పొడుగోణ్ణి బకెట్టుతో లోపలికి రానివ్వలేదు. దాన్ని గుమ్మం దగ్గర వదిలి వెనక వరుసలో కూర్చున్నాడు. పంచిన కాగితంలో పైన పెద్ద అక్షరాలతో 'సంగీతం' అని మా ఆయన పేరు, కింద 'రచన' అని మా తమ్ముడి పేరు వేశారు. బతికుండగా గుమ్మం దగ్గర ఆపినవాళ్ళు, పోయాక ఆ కాగితం మూలన కుర్చీ వేశారు.

పాడేముందు మా ఆయన మైకు ముందు నిలబడి, "నా బావమరిదికి ఊపిరి లేదు. నేను నా ఊపిరి ఇచ్చాను" అన్నారు. హాలంతా చప్పట్లు. ఊపిరి అన్న మాట నేను ఇంట్లో, అలా పాడొద్దని చెప్పడానికి అన్నది. నా నోటితో నేనే ఇచ్చాను. ఆయన పాడారు. 'ఆగా' దగ్గర ముందు వరుసలో ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఎవరికీ ఒక్క క్షణం కూడా ఊపిరి ఇబ్బంది కలగలేదు. హాయిగా ఏడ్చారు. వెనక్కి చూస్తే పొడుగోడి చోటు ఖాళీగా ఉంది.

బయటికి వస్తుంటే కార్యదర్శి నమస్కారం పెట్టి, "చూశారా అమ్మా, చివరికి మీవాణ్ణి మాస్టారు సంగీతంలోకి తెచ్చారు" అన్నాడు. "అవునండీ" అన్నాను. అలా అనడం అలవాటు.

ఆ పాటకి మంచి పేరొచ్చింది. నేర్పమని కొత్త పిల్లలు వచ్చి చేరారు. ఈ ఆదివారం అందరికీ ఒకేసారి మొదలుపెడతానని మా ఆయన చెప్పారు. ముందుగది ఊడ్చి కుర్చీలు వేయడం ఎప్పుడూ నా పనే. ఆ ఆదివారం ఆయన స్నానం చేస్తూ లోపల్నుంచి కేకేశారు.

"ఏమే, కుర్చీలు వేశావా? పిల్లలొచ్చే వేళయింది."

కుర్చీలు గోడవార ఒకదానిలో ఒకటి పేర్చి ఉన్నాయి. నేను కూర్చున్న స్టూలు నుంచి చేయి చాస్తే అందేంత దూరం.

"వెయ్యలేదండీ."

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

నీళ్ళ చప్పుడు ఆగింది. "మరి?"

బయట గేటు తీసిన చప్పుడు, పిల్లల మాటలు వినపడ్డాయి. వాళ్ళు గుమ్మంలోకి వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక వయొలిన్ పెట్టెలు పట్టుకుని నిలబడ్డారు. నేను స్టూలు మీద నుంచి లేవలేదు.