బస్తాలో మూడు గుప్పిళ్ళు, పార్కులో రెండు రోజులు

ముందే సెప్తన్నాను, ఎవడన్నా నవ్వితే ఈ టీ డబ్బులు ఆడివే. నిన్న సాయంత్రం కాశీబుగ్గ ఎగ్జిబిషన్‌లో జయింట్ వీల్ మీంచి "దింపండ్రా బాబూ, మీకు పున్నెముంటాది!" అని ఎవడో ఊరంతా ఇనపడేటట్టు అరిసినాడట, ఆడెవడా అని పొద్దున్నించీ అందరూ ఎతుకుతన్నారట గదా? ఎతకడం ఆపీయండి. ఆడు నేనే.

అసలు నేను జయింట్ వీల్ ఎక్కే మనిషినా, సెప్పండి? మేడ మీద వాటర్ ట్యాంకు నిండిందో లేదో సూడ్డానిక్కూడా మా అమ్మాయినే పంపుతాను. మరెందుకు ఎక్కినావురా అంటే, హైదరాబాద్ థీమ్ పార్కులో ఎన్ని రోజులుండాలో తేలక ఎక్కినాను. ఏటి, అర్థం కాలేదా? నాకూ ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. మొదట్నించీ సెప్తాను, ఇనండి.

ఈ దసరా సెలవులకి హైదరాబాద్ ఎల్దామనుకున్నాం. నేను, మా ఆవిడ పుణ్యవతి, ఎనిమిదో క్లాసు సదువుతున్న మా హాసిని, మా అత్త. అత్తంటే పుణ్యవతి తల్లి, అక్కుపల్లిలో సముద్రం ఒడ్డున ఉంటాది. పుణ్యవతి నాకు సొంత మేనమావ కూతురు, అంచేత పెళ్ళయి ఇన్నేళ్ళయినా నన్ను "బావా" అనే పిలుత్తాది. కోపమొత్తే మాత్రం "ఏటండీ" అంటాది. ఈమజ్జ మా ఇంట్లో "ఏటండీ"లు బాగా ఎక్కువైపోనాయి.

ఎందుకంటే, పోయినేడు అరకు ఎల్దామన్నాం. ఒక రోజుండాలా, రెండు రోజులుండాలా అని నేను తేల్సేలోపు సెలవులైపోనాయి. అంతకుముందు పూరీ అన్నాం. అదీ అంతే. ఈసారి హాసిని క్లాసులో అందరికీ సెప్పీసింది, మేము థీమ్ పార్కుకి ఎల్తన్నాం అని. పుణ్యవతి నా ముందు అన్నం కంచం పెట్టి మరీ సెప్పింది.

"ఏటండీ, ఈసారి కూడా గుంటని అందరిముందూ ఎర్రిదాన్ని సేత్తే, అదీ నేనూ అక్కుపల్లి ఎల్లిపోతాం. నువ్వూ నీ పిక్కలూ కాపురం సేసుకోండి."

పిక్కలంటే జీడిపిక్కలు. నా పని మీకు తెలుసుగదా, ఫ్యాక్టరీకి జీడిపిక్కలు కొనిపెట్టే మనిషిని. పిక్కల విషయంలో నేను రెండో మాట లేకుండా తేల్సీగలను. మిగతా వాటిలోనే నా బుర్ర పని సెయ్యదు.

సరే, రైలు టికెట్లు తీసే గిరి దగ్గరికి ఎల్లినాను. ఎల్లడానికి టికెట్లు తీసీసినాడు. "మరి వచ్చేదెప్పుడు గురూ?" అన్నాడు. అక్కడే ఆగిపోనాను. పార్కులో ఒక రోజైతే ఒక తారీకు, రెండు రోజులైతే ఇంకో తారీకు. "ఉండు, ఇంట్లో అడిగి వత్తాను" అని వచ్చీసినాను. మర్నాడు మళ్ళీ ఎల్లినాను, మళ్ళీ వచ్చీసినాను. మూడోసారి ఎల్లేసరికి గిరికి ఇసుగొచ్చీసింది.

"గురూ, దసరా రష్షు. రేపు పొద్దుటికి తేల్సకపోతే సీట్లుండవు. మీ కుటుంబం అంతా ఆ పార్కులోనే సెటిలైపోవాల" అన్నాడు.

నేనేమీ ఊరికే కూసోలేదు బాబూ, నలుగుర్నీ అడిగినాను. అదే తప్పయిపోనాది. హాసినేమో రెండు రోజులంది, ఒక రోజు పైకీ కిందికీ తిప్పే ఆటలకి, ఒక రోజు నీళ్ళ ఆటలకి. మా మేనేజరేమో "ఒక్క పూట సాలయ్యా, ఎండకి మాడిపోతారు" అన్నాడు. మా అన్నయ్య ఫోన్లో "మూడు రోజులైనా సాలవురా, ఈ గేటు నించి ఆ గేటుకి నడవడానికే ఒక రోజు పోతాది" అన్నాడు. ఆడు ఎల్లినాడా అంటే, ఎల్లలేదట! ఆఖరికి యూట్యూబ్ పెట్టినాను. ఒక కుర్రాడు "ఒక్క రోజు ఈజ్ మోర్ దేన్ ఎనఫ్ ఫ్రెండ్స్" అన్నాడు. కిందనే ఇంకో వీడియో, "ఒక్క రోజుకి మాత్రం ఎల్లకండి ఫ్రెండ్స్" అని. సూత్తే అదే కుర్రాడు, అదే సొక్కా! నా బుర్ర తిరిగిపోనాది. అప్పుడే అనుకున్నాను, ఇంక ఆళ్ళనీ ఈళ్ళనీ అడగడం కాదు, నాకు తెలిసిన పద్ధతిలోనే తేల్సీయాలని.

మా పద్ధతి ఏటంటే శాంపిలు. లారీ నిండా బస్తాలొత్తాయి. అన్నీ ఇప్పుకుని సూత్తామా? సూడం. బస్తాలో మూడు సోట్ల సెయ్యి పెడతాం, పైన, మజ్జన, అడుగున. మూడు గుప్పిళ్ళ పిక్కలు తీసి, కోసి సూత్తాం. లోపల గుడ్డు, అదే జీడిపప్పు, బాగుందా, పుచ్చుందా అన్నది అక్కడే తెలిసిపోతాది. మూడు గుప్పిళ్ళూ ఒకేలా ఉంటే కొనీడమే.

మరి మా ఇల్లు కూడా ఒక బస్తానే గదా! పైన హాసిని, మజ్జన పుణ్యవతి, అడుగున మా అత్త. సిన్నది, నడీడుది, పెద్దది. ముగ్గుర్నీ ఎగ్జిబిషన్‌లో ఒక ఆట ఎక్కించీసి సూడాల. ముగ్గురూ నవ్వుతూ దిగితే పార్కులో రెండు రోజులు. ముగ్గురూ ఏడుత్తూ దిగితే ఒక్క పూట. ఇంతకన్నా సులువేటుంది? నా తెలివి సూసి నాకే ముద్దొచ్చింది.

అత్తని పిలిపించినాను. "అల్లుడు ఎగ్జిబిషన్ సూపిత్తాడట" అని పట్టుసీర కట్టుకుని, ఆటోలో దిగింది. అరవై దాటిన మనిషి. ఎల్లగానే డిల్లీ అప్పడం కావాలంది. అదే, సేట అంత ఉంటాది సూడండి, కారం జల్లి ఇత్తారు, అది. కొనిపెట్టినాను. హాసిని మిరపకాయ బజ్జీలు తింది. నేను వొద్దన్లేదు. నా బుద్ధి అప్పుడే గడ్డి తింది.

ముందు కొలంబస్ ఎక్కించినాను, అదే, ఉయ్యాల్లాగ ఊగే పెద్ద ఓడ. నేను కింద నిలబడి ఫోన్లో వీడియో తీత్తన్నాను. శాంపిలు గదా, జాగ్రత్తగా సూడాల. ఓడ ఊగింది, ఊగింది, పైకెల్లింది, ఆగింది.

ముందు హాసిని దిగింది. మొకం అరిటాకు రంగులో ఉంది. "నాన్నా, బజ్జీలు..." అంది. అంతే, తిన్న బజ్జీలన్నీ బయటికొచ్చీసినాయి. తర్వాత పుణ్యవతి దిగింది, కళ్ళు మూసుకునే దిగింది. "అయిపోనాదా బావా? అయిపోతే సెప్పు, కళ్ళు తెరుత్తాను" అంటంది. సివర మా అత్త. సేతిలో డిల్లీ అప్పడం అలాగే ఉంది, అంచు కూడా ఇరగలేదు!

"ఇంతేనేటి?" అంది. "దీనికి టిక్కెట్టు కూడానేటి? మా అయ్యకి మగగుంటలు నేకపోతే నన్నే తెప్ప ఎక్కించీవోడు. కెరటం మీద ఇంతకి నాలుగింతలు ఎగిరీవోల్లం. ఇంకోటేదన్నా ఉంటే సూపించు అల్లుడూ."

నేను అక్కడే బిగుసుకుపోనాను. ఒక గుప్పిడు పుచ్చు, ఒక గుప్పిడు నాసి, ఒక గుప్పిడు ఫస్టు క్వాలిటీ! ఇన్నేళ్ళ నా సర్వీసులో ఒకే బస్తాలో ఇలాటి సరుకు సూడ్లేదు. మరిప్పుడు పార్కులో ఎన్ని రోజులు? పూటా? ఒకటా? రెండా? అత్త లెక్క ప్రకారం నెల్లాళ్ళు కూడా సాలవు. పిల్ల లెక్క ప్రకారం గేటు దగ్గరే ఎనక్కి తిరగాల.

మా పనిలో దీనికీ ఒక పద్ధతుంది. మూడు గుప్పిళ్ళూ మూడు రకాలుగా వత్తే, ఇంక శాంపిలు కాదు, బస్తా మొత్తం బోర్లించి కుమ్మరించీయాల. నేను నోరు మూసుకుని ఊరుకోవాలా? ఊరుకోలేదు. ఆ మాట పైకి అనీసినాను.

హాసిని నీళ్ళు తాగి, మూతి తుడుసుకుని నాకేసి సూసింది. "మరి బస్తా మొత్తం అంటే నువ్వు కూడా గదా నాన్నా? నువ్వేమన్నా బస్తా బయట ఉన్నావా?"

"నేను కొనేవోణ్ణమ్మా" అన్నాను.

"పార్కుకి నువ్వు రావా ఏటండీ?" అంది పుణ్యవతి. "ఏటండీ" వచ్చీసింది.

జయింట్ వీల్ దగ్గరికి నడిసినాం. నలుగురం ఒక డబ్బాలో కూసున్నాం. నా పక్కన అత్త, ఎదురుగా తల్లీ కూతుళ్ళు. ఇనప కడ్డీ ఒకటి అడ్డం ఏసి, "గట్టిగా పట్టుకోండి సార్" అన్నాడు తిప్పేవోడు. అది మొదలైంది. మొదటి సుట్టు బానే ఉంది, ఎందుకంటే నేను ఊపిరి తీసుకోలేదు. రెండో సుట్టుకి ఊపిరి తీసుకోవాల్సొచ్చింది, అప్పుడు నా పేగులు కిందనే ఉండిపోనాయని తెలిసింది. మూడో సుట్టులో మా డబ్బా సరిగ్గా పైకెల్లింది, టప్పున కరెంటు పోనాది.

మొత్తం ఎగ్జిబిషన్ సీకటి. మేము పైన. డబ్బా ఊగుతంది. కిర్రు... కిర్రు... అని. కింద జనరేటర్ గుంజుతన్నారు, అది దగ్గుతంది గాని అందుకోదు. ఓలమ్మో! నాకు కులదేవత పేరు గుర్తు రాలేదు, మా మేనేజరు పేరు గుర్తొచ్చింది. అప్పుడే ఆ కేక పెట్టినాను. "దింపండ్రా బాబూ, మీకు పున్నెముంటాది!" అని. లైట్లు లేవు, పాటలు ఆగిపోనాయి, అంచేత అంత సుబ్బరంగా ఊరంతా ఇనపడింది.

సూసుకుంటే నా రెండు సేతుల్తోనూ మా అత్త సెయ్యి పట్టుకునున్నాను! పెళ్ళయిన్నాటి నించీ అత్త ఎదురుగా మంచం మీద కూడా కూసోలేదు నేను, అంత మర్యాద. ఆ మర్యాద ఏ గాలికి పోనాదో తెలీదు. అత్తేమో మిగిలిన అప్పడం కొరుక్కుంటంది.

"ఒల్లు బిగీకు అల్లుడూ. కెరటమొచ్చినప్పుడు నడుం వొదిలీయాల. అదే దించుతాది. ఇంద, అప్పడం తిను."

అప్పడం తినే పరిస్థితా నాది! అదిగో, ఆ టైములో మా పుణ్యవతి కళ్ళు మూసుకునే, నెమ్మదిగా, ఎంతో ప్రేమగా అడిగింది.

"బావా, మరి పార్కులో ఎన్ని రోజులు?"

"రెండు!" అన్నాను. "మూడు! నీ ఇష్టమే! ముందు నన్ను కిందకి దింపించవే తల్లీ!"

"మూడొద్దు. రెండు సాలు. మాటంటే మాటేనా?"

"మాటే! రెండు రోజులు! రెండే!" అని మళ్ళీ కేకేసినాను. కింద జనం సప్పట్లు కొట్టినారు. సరిగ్గా అప్పుడే జనరేటర్ అందుకుంది. అంతకుముందు అందుకుంటే దాని సొమ్మేం పోనాది?

దిగేక నన్ను ఇద్దరు పట్టుకుని బల్ల మీద కూసోబెట్టినారు. కొంచెం ప్రాణం కుదుటపడ్డాక నెమ్మదిగా అన్నాను, "పుణ్యవతీ, అంత పైనుండగా అన్న మాట... అది లెక్కలోకి రాదేమో..."

మా అత్త ఊరుకుందా? "అదేటి నాయినా! అంత పైనించి ఇచ్చిన మాట. కిందనించి మొక్కితే ఇంటాడో ఇనడో గాని, అంత దగ్గరగా అరిసినావు, దేవుడికి సెవులు గింగుర్లెత్తిపోయుంటాయి" అంది.

ఈ పొద్దున్న గిరి దగ్గరికి ఎల్లినాను. ఆడే అన్నాడు, "రెండు రోజులు గదా గురూ? నిన్న నేనూ అక్కడే ఉన్నాను. తీసీసినాను." రిటర్న్ టికెట్లు సేతిలో పెట్టినాడు. హాసిని టికెట్టు ఫొటో తీసి క్లాసు గ్రూపులో పెట్టీసుకుంది. దాని మొకంలో ఆ ఎలుగు సూసి నా కడుపు నిండిపోనాది, అబద్ధం ఎందుకు. పుణ్యవతి "బావా, ఇంకో దోసె ఎయ్యనా?" అంది. పోనీలే, ఎలాగోలాగ తేలింది, కాపురం నిలబడింది అనుకున్నాను.

తింటన్న దోసె సగంలో ఉండగా పుణ్యవతి ప్లాను సెప్పింది. రెండో రోజు నీళ్ళ ఆటలు, అందరం. మొదటి రోజు పైకీ కిందికీ తిప్పే ఆటలు. ఆ ఆటలు హాసినికి పడవట, తనకి కళ్ళు తిరుగుతాయట, ఇద్దరూ నీడలో కూసుని ఐస్‌క్రీమ్ తింటారట. మా అత్తేమో ఒక్కటి కూడా వొదలనంటంది. పెద్ద మనిషిని ఒక్కదాన్నే ఎక్కిత్తే నలుగురూ ఏటనుకుంటారు? అంచేత పక్కన తోడు కూసోడానికి...

ఆఁ. నేనే.

ఇన్నేళ్ళూ ఎవడి బస్తాలో సెయ్యి పెట్టినా "ఇందులో పుచ్చుందిరా" అని తేల్సినోణ్ణి. నా బస్తాలో మూడు గుప్పిళ్ళు తీసి, పేర్లు పెట్టి, ఆఖరికి మొత్తం కుమ్మరించి సూత్తే అసలు పుచ్చుపిక్క ఒక్కటే దొర్లింది, అది ఇదిగో, మీ ముందు కూసుని టీ తాగుతంది. ఒరేయ్, నవ్వీసినారు గదా అందరూ? తియ్యండి డబ్బులు.